28 రోజులైనా మందు విరగలేదా? ముందు బ్లాంక్ సీసా చూడండి

నీళ్లలో కలిసిన రసాయనం ఎన్నాళ్లకు విరిగిపోతుందో తేల్చే పరీక్ష తేడా కొడితే, చాలాసార్లు తప్పు రసాయనానిది కాదు, సీసాది. అనంతపురం ల్యాబ్‌లో మేం తిన్న దెబ్బలు ఇవి.

సమస్య: బ్లాంక్‌లోనే ఆక్సిజన్ పడిపోతోంది

ఓఈసీడీ (దేశాల ఆర్థిక సహకార సంస్థ) పరీక్షా పద్ధతి 301డి, అంటే మూసిన సీసా పరీక్షలో, రసాయనాన్ని విరిచేటప్పుడు సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్‌ను కొలుస్తాం. రసాయనం వేయని బ్లాంక్‌లో 28 రోజులకు తగ్గిన ఆక్సిజన్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బ్యాచ్ చెల్లదు. కారణం ఎక్కువగా సూక్ష్మజీవుల కోసం పోసే మురుగు శుద్ధి ప్లాంట్ నీళ్లే. చిక్కగా ఉంటే మంచిదనుకుని ధారాళంగా పోస్తారు. పాలకు తోడు వేసినట్టు వేయాలి: లీటరుకు ఒక చుక్క నుంచి 5 మిల్లీలీటర్ల వరకే. ఆ నీళ్లను ముందుగా పరీక్ష ఉష్ణోగ్రత దగ్గరే 5 నుంచి 7 రోజులు గాలి ఆడిస్తే బ్లాంక్ చాలావరకు దారికొస్తుంది. అప్పటికీ రాకపోతే డిస్టిల్డ్ వాటర్ క్యాన్‌ను అనుమానించండి.

సమస్య: జంట సీసాల ఫలితాలు కలవడం లేదు

ఒకేలా నింపిన రెండు సీసాల మధ్య తేడా 20 శాతం దాటకూడదు. సీసాను వెలుతురుకు పట్టి మూత కింద చూడండి. కందిగింజంత గాలి బుడగ ఉందంటే దొంగ దొరికినట్టే, అది లోపలికి ఆక్సిజన్ ఇస్తూనే ఉంటుంది. నీళ్లు పొర్లేదాకా నింపి, గాజు మూతను ఏటవాలుగా దించండి.

సమస్య: సోడియం బెంజోయేట్ కూడా విరగడం లేదు

పరీక్ష సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి విడి సీసాలో వేసే, తేలిగ్గా విరిగే ఈ పదార్థం 14 రోజుల్లో 60 శాతం దాటాలి. దాటలేదంటే సూక్ష్మజీవులు చచ్చాయన్నమాట. మే నెల మధ్యాహ్నం, ప్లాంట్ నీళ్లను బిగించిన క్యాన్‌లో స్కూటర్ డిక్కీలో వేసుకొస్తే అవి బతుకుతాయా? పొద్దున్నే తెచ్చుకోండి, క్యాన్ సగమే నింపండి, రాగానే గాలి పెట్టండి. ఇంకోటి, పరీక్ష 20-24 డిగ్రీల మధ్య నడవాలి. వేడి మాత్రమే ఇచ్చే ఇంక్యుబేటర్ మన ఎండల్లో పనికిరాదు, చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటరే కావాలి. కరెంటు పోయిన గంటలు రిజిస్టర్‌లో రాయడం మరవద్దు.

బెంజోయేట్ విడిగా బాగానే విరిగి, మన రసాయనంతో కలిపినప్పుడు రెండూ కలిసి 14 రోజుల్లో 25 శాతం కూడా దాటలేదా? ఆ మోతాదు సూక్ష్మజీవులకు విషమైంది. మోతాదు తగ్గించి మళ్లీ పెట్టండి. రెండూ కలిపిన ఈ ఒక్క సీసా పెట్టకుండా "విరగదు" అని రిపోర్టు రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సమస్య: సూక్ష్మజీవులు లేకున్నా మందు మాయమవుతోంది

ఇది జలవిశ్లేషణ, నీళ్లే మందును విరిచేస్తాయి. మలాథియాన్ సగానికి తగ్గడానికి పీహెచ్ 7 దగ్గర సుమారు 6 రోజులు, 9 దగ్గర సగం రోజే పడుతుంది. క్షారం ఎక్కువున్న బోరునీళ్లలో కలిపిన మందును రేపటికి ఉంచితే పురుగు చావదని రైతుకు ఎప్పుడో తెలుసు. అందుకే జలవిశ్లేషణ పరీక్ష ఓఈసీడీ 111లో పీహెచ్ 4, 7, 9 మూడింటిలోనూ చూస్తారు. పీహెచ్ 9 అంకెలు రోజుకోలా వస్తుంటే మూత వదులై గాలిలోని కార్బన్ డయాక్సైడ్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్‌ను దించుతోందేమో చూడండి. నమూనా తీసిన ప్రతిసారీ పీహెచ్ కొలవండి. బఫర్‌ను 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి. సీసాలు కిటికీ పక్కన ఉంటే చీకట్లోకి మార్చండి, ఎండకు విరిగింది ఈ లెక్కలోకి రాదు.