మనసుకి తగిలిన దెబ్బ మానాలంటే థెరపీ ఎలా మొదలుపెట్టాలి?

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలు చాలామంది బడిలో ఒడియాలో లెక్కలు చెప్తారు, భయమేస్తే మాత్రం తెలుగులో ఏడుస్తారు. అందుకే థెరపిస్టును వెతికేటప్పుడు ముందు భాష సంగతి అడగండి: "మావాడు తెలుగులో చెప్తే మీకు పూర్తిగా అర్థమవుతుందా?" పెద్దవాళ్లకైనా అంతే. బెంగ అన్న మాటని ఇంకో భాషలో చెప్పబోతే సగం పోతుంది.

వెళ్లేముందు రెండు వారాలపాటు ఒక నోటుబుక్కులో రాయండి. నిద్ర, తిండి, బడి, కోపం, ఏడుపు, ఇవన్నీ ఎప్పటినుంచి మారాయో రాస్తే చాలు. "పిల్లాడు మొండి" లాంటి తీర్పులు వద్దు. చచ్చిపోవాలనుందన్న మాట వినబడితే మాత్రం రెండు వారాలు ఆగకండి. మనిషిని ఒంటరిగా వదలకుండా 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, భాష ఎంచుకోవచ్చు. ప్రాణానికి ముప్పనిపిస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తర్వాత ఎవరి దగ్గరికి? మందులు రాసేది సైకియాట్రిస్టు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో ఆ విభాగం ఉంది. మాటలతో, ఆటలతో వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టుని రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఈ వృత్తివాళ్లని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడం తప్పు కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఉంటే దాన్ని తీసేయాల్సిన పని లేదు, అలాగే వెళ్లండి.

చిన్నపిల్లలని కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అంటే చెప్పలేరు, వాళ్ల దగ్గర ఆ మాటలుండవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా కొండల్ని కూల్చింది. ఆ తర్వాత గాలి కాస్త గట్టిగా వీచినా మంచం కిందకి దూరే ఒక పిల్లాడిని నేను చూశాను. పక్క తడిపేవాడు, తిట్లు తినేవాడు. థెరపిస్టు దగ్గర వాడి భయం మాటల్లో కాదు, ఇసుకతో ఆడే ఆటలో బయటపడింది. ఇళ్లు కట్టి చేత్తో ఊడ్చేసేవాడు, మళ్లీ కట్టేవాడు. థెరపిస్టు ఆపలేదు, పక్కనే కూర్చుంది. కొన్నాళ్లకి ఇంటి చుట్టూ గోడ కట్టడం మొదలుపెట్టాడు. ఇలాంటి పిల్లలకి బయల్దేరేముందే "అక్కడ ఆడుకోవచ్చు, సూది ఉండదు" అని చెప్పండి. తిరిగొచ్చాక "ఏం మాట్లాడావు?" అని గుచ్చి గుచ్చి అడగకండి. పక్క తడిపితే దుప్పటి మార్చండి, అంతే.

టీనేజర్లతో అసలు పని నమ్మకం. గదిలో చెప్పింది అమ్మానాన్నలకి చేరుతుందని అనుమానమొస్తే ఆ పిల్ల నోరు విప్పదు. ఏది రహస్యంగా ఉంటుంది, ఏది తప్పక చెప్పాల్సొస్తుంది అన్నది థెరపిస్టు మొదటిరోజే పిల్లనీ, మిమ్మల్నీ కూర్చోబెట్టుకుని తేల్చాలి. ప్రాణాపాయం ఉంటే దాచరు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సిందే. మిగతాదాన్ని మీరు తవ్వకండి.

పెద్దవాళ్లు ఎక్కువగా ఒంటి బాధతోనే వస్తారు: గుండె దడ, నిద్ర పట్టదు, ఒకటే టెన్షన్. ముందు ఈసీజీ తీయించుకోండి. గుండె బాగుందంటే థెరపీలో చేసే ఒక పని చూడండి. ఒకామెకి సూరత్‌లో పనిచేసే భర్త ఫోన్ ఎత్తలేదనుకోండి. "ఏదో అయిపోయింది" అన్న ఆలోచన, వెంటనే ఛాతీ బిగుతు. జరిగింది, అనుకున్నది, ఒంట్లో కలిగింది విడివిడిగా రాయిస్తారు. షిఫ్టులో ఉండి ఉండొచ్చు కదా అని తనే చూసుకునేదాకా తోడుంటారు. పాత గాయం ఉంటే దాన్ని మొదటిరోజే చెప్పాల్సిన పని లేదు. ముందు నెమ్మదిగా ఊపిరి వదలడం, చుట్టూ కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పడం నేర్పుతారు. జ్ఞాపకం ముంచుకొచ్చినప్పుడు కాళ్లు నేలమీద నిలవాలి కదా.

నాలుగైదుసార్లు వెళ్లినా మనసు విప్పలేకపోతే ఆ మాట థెరపిస్టుతోనే చెప్పండి. మంచివాళ్లు నొచ్చుకోరు, పద్ధతి మారుస్తారు, లేదా ఇంకొకరి దగ్గరికి పంపుతారు. అప్పుడు నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి, మొదటినుంచీ మళ్లీ చెప్పుకునే బాధ కొంత తగ్గుతుంది.