టెక్సాస్‌లో యాక్సిడెంట్ అయ్యాక వచ్చే ఆ ఫోన్ గురించి

మొన్న ఆదివారం పరకాల వైపు తమ్ముడొకడు మా ఇంటికి వచ్చాడు. ఆగస్టులో మాస్టర్స్‌కి దిగాడు, డెంటన్‌లో ఉంటాడు. ఐ-35 మీద పికప్ ట్రక్కు వెనక నుంచి గుద్దితే కారు నుజ్జునుజ్జయింది, వీడు మెడకు పట్టీతో కూర్చున్నాడు. "అన్నా, అవతలి ఇన్సూరెన్సోళ్లు 1,500 డాలర్లు ఇస్తరట, సంతకం పెట్టి పంపిస్తున్న" అని ఒక కాగితం చూపించాడు. గుంజుకుని చదివాను. పైన 'రిలీజ్' అని ఉంది. ఈ డబ్బు తీసుకున్నాక రేపు మెడకు ఆపరేషన్ పడినా సరే, మిమ్మల్ని పైసా అడగనని రాసిచ్చే కాగితం అది. రోడ్డు మీద దెబ్బ తిన్నది చాలక ఇది కూడానా అని గట్టిగానే కోప్పడ్డాను, తర్వాత అన్నం పెట్టి కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నా.

911కి చేయడం, ఫొటోలు తీయడం, అవతలివాళ్ల లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో పట్టుకోవడం, ఇవి మీకు తెలుసు. నా భయమంతా మర్నాడు వచ్చే ఫోన్ గురించే.

నా యాక్సిడెంట్ నేను వచ్చిన మూడో నెలలో అయింది. మర్నాడు పొద్దున నలుగురం ఉండే ఫ్లాట్‌లో పప్పు కుక్కర్ పెట్టి నిలబడ్డా, ఫోన్ మోగింది. అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్, అంటే క్లెయిమ్ తేల్చే ఉద్యోగి. కాల్ రికార్డ్ చేయొచ్చా అని అడిగింది, సరే అన్నా. ఎంతో ఆప్యాయంగా "హౌ ఆర్ యూ టుడే" అంది. హనుమకొండలో ఆరో తరగతిలో ఇంగ్లిష్ సారు వల్లె వేయించిన జవాబు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది: "ఐ యామ్ ఫైన్, థాంక్యూ." ఎంత స్పీడులో ఉన్నావు, అవతలి కారు నీకెంత దూరంలో కనిపించింది అని ఒక్కొక్కటే అడిగింది. తెలియని వాటికి కూడా అందాజాగా చెప్పా. మధ్యలో మర్యాద కోసం సారీ కూడా అన్నా. మూడో రోజు లేచేసరికి మెడ తిప్పలేకపోయాను. నాలుగు నెలలు ఫిజియోథెరపీ నడిచింది, ఆ నాలుగు నెలలూ వాళ్లు పంపిన ప్రతి ఉత్తరంలో ఒకటే మాట, ప్రమాదం జరిగిన మర్నాడు బాగున్నానని మీరే చెప్పారు కదా అని.

మన దగ్గర కాజీపేట చౌరస్తాలో రెండు బండ్లు తగిలితే పదిమంది జమై, తప్పు నీది అంటే నీది అని అరుచుకుని, చివరికి ఎవరో పెద్దమనిషి పంచాయితీ తెంపుతాడు. అక్కడ నోటి మాట ఆ పూటతో పోతుంది. ఇక్కడ అది ఫైల్లోకి ఎక్కుతుంది. టెక్సాస్‌లో తప్పును శాతాల్లో పంచుతారు: మీది 20 శాతం అని తేలితే వచ్చేదాంట్లో 20 శాతం కోస్తారు, 50 దాటితే అసలేమీ రాదు. అందుకే ఆ ఒక్క సారీకి అంత బరువు.

అవతలి కంపెనీకి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలని చట్టమేమీ లేదు. "ట్రీట్‌మెంట్ నడుస్తోంది, ఇప్పుడు మాట్లాడలేను, ఏదైనా ఉంటే ఈమెయిల్ చేయండి" అని పెట్టేయండి. మళ్లీ చేస్తారు. మళ్లీ అదే చెప్పండి. మీ సొంత కంపెనీ సంగతి వేరు, సహకరించాలని పాలసీలోనే ఉంటుంది, వాళ్లకు వెంటనే చెప్పాలి. అక్కడ కూడా తెలిసిందే చెప్పండి, తెలియనిదానికి తెలియదనండి. గాయాల మీద కోర్టుకు వెళ్లడానికి టెక్సాస్‌లో రెండేళ్ల గడువుంది. అలాంటప్పుడు రెండో వారంలోనే రిలీజ్ మీద సంతకం ఎందుకయ్యా? డాక్టరు ట్రీట్‌మెంట్ అయిపోయిందనే దాకా ఆగండి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూసుకోవాలి. ఇక్కడ కనీస లయబిలిటీ, అంటే తప్పు చేసినవాడి ఇన్సూరెన్స్ అవతలివాళ్లకు ఇచ్చే కవరేజీ, ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000, వస్తు నష్టానికి 25,000. హాస్పిటల్లో నాలుగు రోజులుంటే ఆ 30,000 ఏ మూలకూ రాదు. కాబట్టి మీ పాలసీ తీసి పర్సనల్ ఇంజరీ ప్రొటెక్షన్ ఉందేమో చూడండి. తప్పు ఎవరిదైనా మీ హాస్పిటల్ ఖర్చుకు మీ కంపెనీయే ఇచ్చే కవరేజీ ఇది, 2,500 డాలర్ల నుంచి మొదలు. మీరు వద్దని రాసిస్తే తప్ప కంపెనీ దాన్ని తీసేయకూడదు, మనవాళ్లు ప్రీమియం తగ్గుతుందని వద్దు అని నొక్కి సంతకం పెట్టేస్తారు. గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే పనికొచ్చే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ కూడా అంతే. నేనూ రెండూ వద్దనుకున్నవాణ్నే.

కారు టో యార్డులో (లాక్కెళ్లిన బండ్లు పెట్టే చోట) ఉంటే రోజుకింత అని అద్దె పడుతూనే ఉంటుంది, త్వరగా తీయించమని కంపెనీ వెంటపడండి. గ్లవ్ బాక్సులో కాగితాలుంటే ముందే తెచ్చుకోండి. నా ఐ-20 (స్టూడెంట్ వీసాకు కాలేజీ ఇచ్చే కాగితం) అందులోనే ఉండిపోయింది. కారు లోన్ ఉంటే టోటల్ లాస్ (బాగుచేయడం దండగ) అని తేలినా సరే కిస్తీ ఆపకండి.

చదువుకునేవాళ్లకు ఇంకొకటి. నొప్పి భరించలేక క్లాసులు వదిలేయాలనిపిస్తే ముందు డాక్టరు ఉత్తరంతో డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) దగ్గరికి వెళ్లండి, పర్మిషన్ వచ్చాకే డ్రాప్ చేయండి. ముందే డ్రాప్ చేస్తే వీసా స్టేటస్ పోతుంది.

లాయరు కావాలా అంటే, ఎముకలు విరిగినా, హాస్పిటల్లో ఉండాల్సి వచ్చినా కావాలి. ముందు పైసా అడగరు, వచ్చినదాంట్లో మూడో వంతో, అంతకంటే ఎక్కువో తీసుకుంటారు. మీరు పిలవకుండానే మర్నాడు ఫోన్ చేసి కేసు ఇవ్వమనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు, అలా వెంటపడటం టెక్సాస్‌లో నేరం.

సరే, భయపెట్టింది చాలు. క్లెయిమ్ వేసినంత మాత్రాన, లాయరును పెట్టుకున్నంత మాత్రాన వీసాకు ఏమీ కాదు, దాని గురించి టెన్షన్ వద్దు. అంత పొరపాటు చేసిన నాకు కూడా పదకొండో నెలలో చెక్కు వచ్చింది, హాస్పిటల్ బాకీ తీరింది. ఇంట్లో బాపుకి, అవ్వకి ఫోన్ చేసి చెప్పండి, దాచకండి, మీ గొంతు వింటే వాళ్లకే తెలిసిపోతుంది.

పరకాల తమ్ముడికి నిన్న ఎమ్మారై తీశారు, శుక్రవారం రిపోర్టు వస్తుంది. ఆ రిలీజ్ కాగితం సంతకం లేకుండా మా ఫ్రిజ్ మీదే ఉంది.