వరంగల్‌లో చిన్న లోన్ కావాలంటే ముందు ఏ గడప ఎక్కాలి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో తాకట్టు లేకుండా చిన్న లోన్లిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలకు కొదవ లేదు. కానీ లోన్ తీసుకున్న చాలామంది ఆడవాళ్లకు కిస్తీ వసూలుకు వచ్చే సారు మాత్రమే తెలుసు, ఆఫీసు ఎక్కడుందో తెలియదు. ఏ సందులోనో, అద్దె ఇంటి పై అంతస్తులోనో ఉంటుంది మరి. సంతకం పెట్టకముందే ఆ ఆఫీసుకు ఒకసారి వెళ్లి రండి. రేపు పేచీ వస్తే కాగితం ఇవ్వాల్సింది అక్కడే.

దానికంటే ముందు మీ బస్తీ మహిళా సంఘం సంగతి చూడండి. మిత్తి తక్కువ పడేది అక్కడే. పట్టణ సంఘాలను మెప్మా అనే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ చూస్తుంది. సంఘాల పని చూసే మీ డివిజన్ ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఎవరో తెలియకపోతే మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసులోని మెప్మా విభాగంలో అడగండి. కొత్త సంఘానికి కనీసం పది మంది కావాలి. ఆరు నెలలు పొదుపు, మీటింగులు, సభ్యులకు సంఘం ఇచ్చే అప్పులు సక్రమంగా నడిచి, పుస్తకాల్లో రాసి ఉంటేనే బ్యాంకు లోన్ గురించి మాట్లాడుతుంది. సంఘాలకు 10 లక్షల వరకు ఏ తాకట్టూ అడగకూడదు.

బ్యాంకులో ఫైలు ఆగిపోయేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాస్‌బుక్‌లో ఇంకో ఇంటిపేరు ఉంటుంది. తీర్మానంలో ఒకరి సంతకం తప్పిపోతుంది. ఒకామె పేరు మీద ఎప్పటిదో బాకీ సిబిల్‌లో, అంటే అప్పుల రికార్డులో కనబడుతుంది. ఇలాంటి రికార్డులు ఉంచే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. ఫైలు పెట్టకముందే అందరూ తీసి చూసుకోండి. ఏపీజీవీబీలో (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో) ఖాతా ఉన్నవాళ్లు మరో పని చేయాలి. 2025 జనవరి 1 నుంచి తెలంగాణలోని ఆ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఖాతా వివరాలు ఏమైనా మారాయా అని శాఖలో అడిగి, కొత్త పాస్‌బుక్ తీసుకోండి.

సంఘంలో దొరకక మైక్రోఫైనాన్స్‌కే వెళ్లాల్సి వస్తే ముందు లెక్క వేసుకోండి. ఇంటిల్లిపాది ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉన్నవాళ్లకు తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోన్. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నెలకు 18 వేలు వచ్చే ఇంటికి 9 వేలే హద్దు. లోన్ రావాలని ఆదాయం ఎక్కువ రాయిస్తామనే ఏజెంటు మాట వినకండి. కట్టలేక కూలబడేది మీరే.

"రూపాయి మిత్తే" అన్నా ఆగి అడగండి. 40 వేలు రెండేళ్లకు ఫ్లాట్‌గా, అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే నూటికి నెలకు రూపాయి మిత్తికి తీసుకుంటే మిత్తి 9,600, కిస్తీ సుమారు 2,067. కానీ అసలు నెలనెలా తగ్గుతూ ఉంటుంది కదా. మిగిలిన అసలు మీద లెక్కగడితే పడేది దాదాపు రూపాయి ఎనభై పైసలు, అంటే ఏడాదికి 21 శాతం పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు కోసుకున్నాక చేతికొచ్చేది ఎంతో కూడా అడగండి. అన్నీ కలిపిన ఏడాది వడ్డీ రేటు, లోన్ వివరాలు రాసిచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో ఉండాలి. అందులో లేని ఫీజు వసూలు చేయకూడదు. లోన్ కార్డు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కాబట్టి తెలుగులోనే అడగండి.

2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఇవి గుర్తుంచుకోండి: ముందుగా కట్టేస్తే జరిమానా లేదు. ఆలస్య రుసుము బాకీపడిన కిస్తీ మీదే, మొత్తం లోన్ మీద కాదు. వసూలు అనుకున్న చోటే జరగాలి, వరుసగా రెండుసార్లు మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు.

మైక్రోఫైనాన్స్ మీద 2011 నాటి రాష్ట్ర చట్టం ఉంది కాబట్టి కట్టక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. రిజర్వు బ్యాంకులో నమోదైన ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలకు) అది వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తేల్చింది. కట్టకపోతే సిబిల్ పాడై, రేపు సంఘం లోన్ కూడా ఆగుతుంది.

కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకుని, కార్డులో రాయించుకోండి. పేచీ వస్తే ఆ ఆఫీసులోనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి. అప్పుడు ఆ ముద్ర ఉన్న కాపీనే మీకు ఆధారం.