స్పోర్ట్స్ కారుకు మాన్యువలా, ఆటోమేటిక్కా: గేర్‌బాక్స్ ఎలా ఎంచుకోవాలి?

స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు రంగు గురించి నెలరోజులు ఆలోచిస్తారు. అల్లాయ్ వీల్స్ ఏవి బాగుంటాయో ఇంటిల్లిపాదినీ అడుగుతారు. గేర్‌బాక్స్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ‘అసలైన డ్రైవర్ మాన్యువలే నడుపుతాడు’ అని ఒకరంటే అటు, ‘ఆటోమేటిక్కే ఫాస్ట్’ అని ఇంకొకరంటే ఇటు వెళ్లిపోతారు. ఆరు నెలలు తిరగకుండానే ఆ కారు కవరు కప్పుకుని సెల్లార్‌లో పడి ఉంటుంది. రంగు నచ్చకపోతే ర్యాప్ వేయించుకోవచ్చు. గేర్‌బాక్స్ నచ్చకపోతే కారే అమ్ముకోవాలి. స్నేహితులకు, చుట్టాలకు కారు చూసిపెట్టడానికి వెళ్లిన ప్రతిసారీ ఇదే తంతు. అందుకే నేను పాటించే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

1. కావాల్సినవి

పల్చటి అడుగు ఉన్న బూట్లు, లైసెన్సు, ఒక పూట ఖాళీ సమయం, పక్కన కూర్చోవడానికి ఒక మనిషి. చెప్పులతో టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లొద్దు, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో పాదానికి తెలియదు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట: ఆటోమేటిక్ కారుతో టెస్టు పాసై తీసుకున్న లైసెన్సుతో అక్కడ మాన్యువల్ నడపకూడదు. ముందు అది చూసుకోండి.

2. మీ రోడ్డు ఏదో రాసుకోండి

వారం రోజుల పాటు కారు ఎక్కడెక్కడ తిరుగుతుందో కాగితం మీద పెట్టండి. ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగే గంటను కాకుండా వారమంతా లెక్కేయండి. అందులో సగం కంటే ఎక్కువ సమయం బంపర్‌కు బంపర్ ఆనుకుని పాకే ట్రాఫిక్‌లోనే అయితే ఆటోమేటిక్ తీసుకోండి. ఇందులో బేరాల్లేవు. ఇంట్లో రోజువారీకి ఇంకో కారు ఉండి, దీన్ని సెలవురోజు మాత్రమే బయటకు తీస్తారంటే అప్పుడు మాన్యువల్ గురించి మాట్లాడుకుందాం.

3. ఏ రకం ఆటోమేటిక్కో అడగండి

షోరూమ్‌లో ‘ఆటోమేటిక్ అండి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క మాట కింద మూడు వేరు వేరు యంత్రాలున్నాయి.

మొదటిది సింగిల్ క్లచ్ ఆటోమేటెడ్ మాన్యువల్. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని మాత్రం హైడ్రాలిక్స్ చేస్తాయి. 1989లో ఫెరారీ ఇలాంటి ప్యాడిల్ గేర్లను, అంటే స్టీరింగ్ వెనక ఉండే మీటలతో మార్చే గేర్లను, ఫార్ములా వన్‌కు తెచ్చింది. ఆ ఏడాది మొదటి రేసు బ్రెజిల్ గ్రాండ్ ప్రీని నైజెల్ మాన్సెల్ ఆ కారుతోనే గెలిచాడు. 1997లో ఎఫ్355తో అది రోడ్డు కార్లలోకి వచ్చింది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లోని ఎస్‌ఎంజీ కూడా ఈ జాతిదే. రేసులో అద్భుతం, సిగ్నల్ దగ్గర నరకం. గేరు మారిన ప్రతిసారీ తల ముందుకు ఊగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరికినా తీసుకోవద్దు. ఎస్‌ఎంజీ పంపు పాడైతే బిల్లు చూసి గుండె ఆగుతుంది. విదేశాల్లో ఆ కార్లు కొని, ఎస్‌ఎంజీ పీకించి మామూలు మాన్యువల్‌గా మార్పించుకుంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

రెండోది డ్యూయల్ క్లచ్. ఒక క్లచ్ 1, 3, 5 గేర్లకు, ఇంకోటి 2, 4, 6 గేర్లకు. ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతి గేరు పడి సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదిలి రెండోది పట్టుకుంటే చాలు. పోర్షే దీన్ని 1980ల్లోనే 962 రేసు కారులో వాడింది. అమ్మకానికి వచ్చిన కార్లలో మొదటిది 2003 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32. పోర్షే తన 911 స్పోర్ట్స్ కారులోకి పీడీకే పేరుతో 2008లో తెచ్చింది. ఇందులో మళ్లీ క్లచ్‌లు నూనెలో మునిగి ఉండేవి కొన్ని, పొడివి కొన్ని. స్పోర్ట్స్ కారుకు నూనెలో ఉండేదే తీసుకోవాలి, పొడిది త్వరగా వేడెక్కుతుంది.

మూడోది టార్క్ కన్వర్టర్, అంటే పాతకాలం నుంచీ ఉన్న అసలు ఆటోమేటిక్. ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ద్రవం ఉంటుంది కాబట్టి పాకేటప్పుడు ఏదీ అరగదు. ఒకప్పుడు మందకొడి అనేవాళ్లు, ఇప్పుడు ఆ మాట చెల్లదు. బీఎండబ్ల్యూ ఎం2 సంగతే చూడండి. పాత తరంలో డ్యూయల్ క్లచ్ ఇచ్చారు. కొత్త తరంలో దాన్ని పక్కన పెట్టి 8 గేర్ల టార్క్ కన్వర్టర్ పెట్టారు. మాన్యువల్ కూడా ఉంచారు. రెండూ మన దేశంలో దొరుకుతాయి.

4. ఇంజన్ ఏం కోరుతోందో చూడండి

టర్బో ఉండి టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 500 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు) దాటితే ఆటోమేటిక్. టర్బో లేకుండా పైఆర్‌పీఎంలో పాడే ఇంజన్ అయితే మాన్యువల్. పెద్ద టర్బో ఇంజన్ ఏ గేరులో ఉన్నా లాగేస్తుంది, మీరు గేరు మార్చినందుకు అది చెప్పే జవాబు పెద్దగా ఏమీ ఉండదు. పైగా అంత టార్క్‌ను పట్టి ఉంచడానికి క్లచ్ స్ప్రింగ్ గట్టిగా ఉండాలి, దాంతో పెడల్ బరువెక్కుతుంది. టొయోటా జీఆర్86 లాంటి కారులో 2.4 లీటర్ల ఇంజన్ పూర్తి పవర్ ఇచ్చేది 7,000 ఆర్‌పీఎం దగ్గర. అక్కడ దాన్ని నిలిపి ఉంచడమే ఆ కారు నడపడంలో ఉన్న ఆనందం. ఆ పని మీ చేతిలోనే ఉండాలి.

రోడ్డు ఒకటి చెప్పి, ఇంజన్ ఇంకోటి చెబితే రోడ్డు మాటే వినండి.

‘మరి 0 నుంచి 100 ఎంతలో?’ అని అడిగేవాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగాలి. పోర్షే 911 జీటీ3 (992 తరం)లో పీడీకే అయితే 3.4 సెకన్లు, మాన్యువల్ అయితే 3.9. కొత్త తరం ఎం2 మొదట్లో వచ్చిన 460 హార్స్ పవర్ కారులో ఆటోమేటిక్‌కు 4.1, మాన్యువల్‌కు 4.3. కానీ జీఆర్86లో మాన్యువల్‌దే పైచేయి. 0 నుంచి 60 మైళ్లకు అది 6.1 సెకన్లు తీసుకుంటే ఆటోమేటిక్‌కు 6.6 పడుతుంది. అరసెకను తేడా ట్రాక్ మీద టైమ్ కొలిచేవాళ్లకే కావాలి. 2013లో పోర్షే, స్పీడు ఎక్కువని చెప్పి జీటీ3ని పీడీకేతో మాత్రమే అమ్మింది. తర్వాత 2016లో మాన్యువల్ మాత్రమే ఉన్న 911 ఆర్ తెచ్చారు, 991 కార్లే చేశారు. వాటికి పడిన గిరాకీ అంతా ఇంతా కాదు. 2017లో జీటీ3కి మాన్యువల్ తిరిగొచ్చింది. స్పీడే సర్వస్వం అయితే అది తిరిగి వచ్చేదే కాదు. కాబట్టి బ్రోచర్‌లోని ఆ గడి చూసి గేర్‌బాక్స్ తేల్చుకోవద్దు.

5. వేడెక్కిన కారుతో ర్యాంప్ ఎక్కించండి

అందరూ చెడగొట్టే మెట్టు ఇదే. దయచేసి నిదానంగా చదవండి.

మామూలుగా జరిగే టెస్ట్ డ్రైవ్ ఎలా ఉంటుంది? షోరూమ్ నుంచి చల్లటి కారు తీస్తారు. ఖాళీ రోడ్డు మీదకు తీసుకెళతారు. ఒక్కసారి ఫుల్‌గా తొక్కుతారు, వీపు సీటుకు అతుక్కుంటుంది, ‘అబ్బ’ అంటారు, అడ్వాన్సు కట్టేస్తారు. ఆ పది నిమిషాల్లో గేర్‌బాక్స్ గురించి మీకు తెలిసింది ఏమీ లేదు. ఫుల్‌గా తొక్కినప్పుడు ఏ గేర్‌బాక్సైనా బాగానే ఉంటుంది. దాని లోపాలు బయటపడేది నడక వేగంలో, ఎత్తు మీద, వేడిలో.

ఎందుకంటే డ్యూయల్ క్లచ్ కారులో టార్క్ కన్వర్టర్ ఉండదు. ట్రాఫిక్‌లో అడుగు అడుగు కదిలేటప్పుడు లోపల కంప్యూటర్ చేసేది హాఫ్ క్లచ్చే. కొత్త డ్రైవర్ హాఫ్ క్లచ్ మీద ఈడ్చినట్టే అదీ ఈడుస్తుంది, అదీ వేడెక్కుతుంది. ఎత్తు మీద, వెనక్కి వెళ్లేటప్పుడు ఈ కష్టం ఇంకా ఎక్కువ.

అందుకని ముందు కారును కనీసం అరగంట ట్రాఫిక్‌లో తిప్పండి. రద్దీ వేళకే టెస్ట్ డ్రైవ్ అడగండి, పొద్దున ఏడింటికి వద్దు. ఏసీ ఆన్‌లో ఉంచండి. ఆ తర్వాత ఒక సెల్లార్ ర్యాంప్ దగ్గరకు వెళ్లండి. మీరుండే అపార్ట్‌మెంట్ ర్యాంపే అయితే అంతకంటే మంచిది లేదు, రోజూ ఎక్కాల్సింది అదే కదా. స్పోర్ట్స్ కారు ముందు బంపర్ కిందికి ఉంటుంది, కాబట్టి ర్యాంప్ మొదట్లో కాస్త ఐమూలగా ఎక్కించండి. వెనకాల ఎవరూ లేకుండా పక్క మనిషిని దింపి చూడమనండి. పిల్లలు ఆడుకునే వేళ ఈ పని పెట్టుకోవద్దు.

ఆటోమేటిక్ అయితే ర్యాంప్ సగంలో బ్రేకు మీద ఆపండి. బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ కొద్దిగా తాకించి ఒక్క అడుగు మాత్రమే ముందుకు కదిలించండి. మళ్లీ ఆపండి. నాలుగైదు సార్లు ఇలా చేశాక రివర్స్‌లో అదే చేయండి. కారు వెనక్కి జారి అప్పుడు అందుకుంటోందా? కదలమంటే కదలకుండా ఉండి ఒక్కసారిగా గెంతుతోందా? సీటు కింద వణుకు తెలుస్తోందా? ఈ మూడింట్లో ఏది ఉన్నా ఆ కారు మీ ర్యాంప్‌కు పనికిరాదు.

ఇక్కడ అస్సలు చేయకూడనిది ఒకటుంది. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టొద్దు. డ్యూయల్ క్లచ్‌ను కాల్చేయడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. కాలిన వాసన వస్తే వెంటనే న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు తొక్కి, చల్లారనివ్వండి. డాష్‌బోర్డ్ మీద గేర్‌బాక్స్ వేడి హెచ్చరిక వస్తే పరీక్ష అక్కడితో ఆపేయండి.

కొండాపూర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ డ్యూయల్ క్లచ్ కారును ఇలాగే చూశాం. చల్లగా ఉన్నప్పుడు వెన్నలా కదిలింది. అమీర్‌పేట దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో వెళ్లొచ్చి అదే ర్యాంప్ మీద రివర్స్ వేస్తే, స్టీరింగ్ పట్టుకున్న చేతులకు తెలిసేంత వణుకు. డాష్‌బోర్డ్ మీద అంటించిన చిన్న వినాయకుడి బొమ్మ గడగడలాడింది. అమ్మే ఆయన ‘ఈ గేర్‌బాక్సులన్నీ ఇంతేనండి’ అన్నారు. అన్నీ అంతే కాదు. బాగున్న కారులో ఆ వణుకు ఉండదు. అలా అనేవాళ్ల దగ్గర లేచి వచ్చేయడమే మేలు.

మాన్యువల్ అయితే ఇదే ర్యాంప్ మీద చూడాల్సింది మీ ఎడమ కాలిని. హిల్ హోల్డ్ ఉన్న కారు ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది, ఆ లోపు మీరు తడబడకుండా క్లచ్ వదలగలగాలి. పెడల్ మొత్తం తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొద్దిగా వంగే ఉండాలి. తుంటి సీటు మీద నుంచి జరుగుతోందంటే సీటు ముందుకు జరపండి. జరిపాక మోకాలు స్టీరింగ్‌కు తగులుతుంటే ఆ కారు మీ ఒంటికి సరిపోదు, ఎంత ఇష్టమైనా సరే. అరగంట ట్రాఫిక్ తర్వాత కూడా క్లచ్ పట్టుకునే చోటు మొదట్లో ఉన్నచోటే ఉండాలి. కాలు నొప్పి పుడితే ‘అలవాటైపోతుందిలే’ అనుకోవద్దు. ఆ మాటతో కొన్న కార్లే సెకండ్ హ్యాండ్ బజారులో ఎక్కువ కనిపిస్తాయి.

సెకండ్ హ్యాండ్ మాన్యువల్ అయితే ఇంకో రెండు చూడండి. నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఫుల్‌గా తొక్కండి, ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. చల్లగా ఉన్నప్పుడు ఒకటి నుంచి రెండుకు చకచకా వేయండి. కర్రుమంటే సింక్రోలు, అంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగులు, అరిగాయి. 

6. రోడ్డు మీద ఒక చుట్టు

ర్యాంప్ దాటాక మిగిలింది తేలిక. ఆటోమేటిక్‌ను మాన్యువల్ మోడ్‌లో పెట్టి ప్యాడిల్‌తో మూడు నుంచి రెండుకు దించండి. అడిగిన వెంటనే దిగాలి. రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం) దగ్గర మిమ్మల్ని అడగకుండా పై గేరుకు వెళ్లిపోయే కారు స్పోర్ట్స్ కారు కాదు. మాన్యువల్ అయితే గేరు రాడ్ చూడకుండా మూడోది దొరకాలి. నిలబడ్డ చోటు నుంచి పూర్తి బలంతో దూసుకెళ్లే లాంచ్ కంట్రోల్ జోలికి పోవద్దు, అది మీ కారు కాదు.

7. బుకింగ్

మాన్యువల్ అడిగితే చాలాచోట్ల టెస్ట్ కారు ఉండదు, ‘ఆటోమేటిక్ నడపండి సార్, అదే ఇది’ అంటారు. అది ఇది కాదు. మాన్యువల్ నడిపాకే డబ్బు కట్టండి. ఇంకో ఊరి షోరూమ్‌లో ఉంటే అక్కడికే వెళ్లండి. బుకింగ్ ఫారం మీద వేరియంట్ పేరుతో పాటు గేర్‌బాక్స్ ఏదో స్పష్టంగా రాయించుకుని, సంతకం, స్టాంపు వేయించి కాపీ తీసుకోండి. డెలివరీ రోజు తాళాలు చేతిలోకి తీసుకునే ముందు ఇన్‌వాయిస్‌లో కూడా అదే ఉందో లేదో చూడండి.