ఉద్యోగ వేట, 3వ పాఠం: రెజ్యూమే రైటర్‌కు ఏమివ్వాలి, ముసాయిదా ఎలా దిద్దాలి

రెజ్యూమే రైటర్‌ను ఎలా ఎంచుకోవాలో పోయిన పాఠంలో చూశాం. అడ్వాన్సు కట్టిన రోజు నుంచి ఆఖరి ఫైలు చేతికొచ్చేదాకా మీ వంతు పని ఏమిటన్నది ఈ పాఠం. రైటర్‌కు భాష తెలుసు, కంపెనీలు ఏం వెతుకుతాయో తెలుసు. మీరు రోజూ ఏం చేశారన్నది మాత్రం మీకే తెలుసు. అది మీరు చెప్పకపోతే ఆయన ఊహించి రాస్తారు, ఆ ఊహకు ఇంటర్వ్యూలో జవాబు చెప్పాల్సింది మీరు.

పాఠమంతా ఒకే ఉదాహరణతో నడుపుదాం. తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో మూడు సీజన్లు చేసిన అమ్మాయి అనుకోండి. ఇప్పుడు శ్రీసిటీలో ఏదైనా ఆహార కంపెనీలో క్వాలిటీ విభాగంలో పర్మనెంట్ ఉద్యోగం కావాలి.

వెళ్లేముందు సిద్ధం చేయాల్సినవి

మొదటిది, మీకు నిజంగా కావాల్సిన ఉద్యోగాల ప్రకటనలు మూడు. నౌకరీ.కామ్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో దొరికినవి పూర్తి పాఠంతో సహా దాచిపెట్టండి, లింకు ఒక్కటే పెట్టుకుంటే గడువు దాటాక తెరుచుకోకపోవచ్చు. మూడింటిలోనూ మళ్లీ మళ్లీ కనిపించే మాటల కింద గీత గీయండి. మన ఉదాహరణలో అవి హెచ్‌ఏసీసీపీ (తయారీలో ఆహారం చెడే ప్రమాదాలను ముందే పట్టే పద్ధతి), ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ), బ్యాచ్ రికార్డు, క్యాలిబ్రేషన్ (పరికరం సరిగ్గా కొలుస్తోందో సరిచూడటం) లాంటివి. వాటిలో మీరు చేసిన పనికి టిక్కు, చేయనిదానికి ఇంటూ పెట్టి ఆ కాగితమే రైటర్‌కు ఇవ్వండి. ఇంటూ పెట్టిన మాట రెజ్యూమేలో ఎక్కడా కనిపించకూడదని అప్పుడే చెప్పేయండి.

రెండోది తేదీల ఆధారాలు. అపాయింట్‌మెంట్ లెటర్, రిలీవింగ్ లెటర్, మార్కుల మెమోలు, వీటితో పాటు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) లాగిన్ అయ్యి, వ్యూ మెనూలో సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది. మీ నేపథ్యం తనిఖీ చేసే కంపెనీలు దీన్ని కూడా చూడొచ్చు. ఇక్కడ మనవాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. సీజన్ పనిలో మిమ్మల్ని ఫ్యాక్టరీ నేరుగా తీసుకోకుండా కాంట్రాక్టర్ తీసుకుని ఉంటే, సర్వీస్ హిస్టరీలో కాంట్రాక్టర్ పేరే ఉంటుంది. రెజ్యూమేలో ఫ్యాక్టరీ పేరు ఒక్కటే రాస్తే రెండూ కలవవు, అబద్ధం రాశారనుకుంటారు. ‘ఫలానా ఏజెన్సీ ద్వారా ఫలానా ఫ్యాక్టరీలో’ అని రెండు పేర్లూ రాయించండి. మానేసిన తేదీ ఖాళీగా ఉంటే, ఆఖరి పీఎఫ్ జమ అయ్యి రెండు నెలలు దాటాక అదే పోర్టల్‌లో మార్క్ ఎగ్జిట్ ద్వారా మీరే నమోదు చేసుకోవచ్చు.

మూడోది పని చిట్టా. అన్నిటికన్నా విలువైనది ఇదే, దీనికి ఒక సాయంత్రమంతా కేటాయించండి. ఒక్కో ఉద్యోగానికి ఒక ఏ4 కాగితం, తెలుగులోనే రాయండి. రోజుకు ఎంత పని, ఏ యంత్రం లేదా ఏ పరికరంతో, ఏది చెడేది, చెడితే మీరేం చేసేవారు, ఎవరికి రిపోర్టు చేసేవారు, ఏ రిజిస్టరు మీ చేతిలో ఉండేది. లెక్కలు గుర్తులేకపోతే పాత షిఫ్టు ఫొటోలు, వాట్సాప్ గ్రూపు మెసేజులు వెతకండి. కంపెనీ రహస్య కాగితాల ఫొటోలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, అంకె చెబితే చాలు.

ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు, ఓటీపీ, నౌకరీ పాస్‌వర్డ్ రెజ్యూమే రాయడానికి అక్కరలేదు. ‘ప్రొఫైల్ నేనే అప్‌డేట్ చేస్తాను’ అన్నా పాస్‌వర్డ్ ఇవ్వకండి, పక్కన కూర్చుని మీ చేత్తో మీరే చేసుకోండి.

మాట్లాడే గంట

మంచి రైటర్ మిమ్మల్ని కనీసం ముప్పావు గంట అడుగుతారు. ‘ఏ మోడల్ కావాలి?’ అని డిజైన్లు చూపించి ఊరుకునేవారి దగ్గర మీ చిట్టా వృథా. సంభాషణ ఇలా సాగాలి:

‘ల్యాబ్‌లో ఏం చేస్తావమ్మా?’
‘ఏముంటుంది సార్, శాంపిల్ వస్తే చూస్తాను.’
‘ఏం చూస్తావు?’
‘బ్రిక్స్ (గుజ్జులో తీపి కొలత), యాసిడిటీ, పీహెచ్.’
‘షిఫ్టుకు ఎన్ని శాంపిళ్లు?’
‘జూన్, జూలైలో తోతాపురి లోడ్లు ఎక్కువ సార్. పాతిక నుంచి ముప్పై.’
‘బ్రిక్స్ తక్కువొస్తే?’
‘ట్యాంకు ఆపమని రిజిస్టర్లో రాసి సూపర్‌వైజర్‌కు చెబుతాను.’
‘డ్రమ్ములు నింపాక?’
‘కొన్ని శాంపిల్ బ్యాగులు ఇంక్యుబేటర్లో పెట్టి, ఉబ్బుతున్నాయేమో రోజూ చూస్తాను.’

మొదటి జవాబుతో ఆగిపోతే రెజ్యూమేలో ‘ల్యాబ్ పనులు సమర్థంగా నిర్వహించాను’ అనే వాక్యం వస్తుంది. అది రాష్ట్రంలో ఎవరి రెజ్యూమేలోనైనా అతుకుతుంది. చివరిదాకా అడిగితే వచ్చేది ఇది: ‘సీజన్‌లో షిఫ్టుకు 25 నుంచి 30 గుజ్జు శాంపిళ్లకు రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్, టైట్రేషన్‌తో ఆమ్లత్వం, మీటర్‌తో పీహెచ్ పరీక్ష, ప్రమాణానికి తగ్గిన ట్యాంకుల నిలుపుదల నమోదు, అసెప్టిక్ బ్యాగుల ఇంక్యుబేషన్ పరిశీలన.’ రెజ్యూమేలో ఇది ఇంగ్లీషులో ఉంటుంది, సరుకు మాత్రం మీ నోటి నుంచి వచ్చిందే.

మూడు సీజన్ల మధ్య ఖాళీ నెలల గురించి చాలామంది భయపడి, ఏకధాటిగా మూడేళ్లు చేసినట్టు రాయించుకుంటారు. పీఎఫ్ లెక్కలో అది బయటపడుతుంది. ఒకే ఫ్యాక్టరీ పేరు కింద ‘సీజనల్’ అని రాసి, ఏ ఏడు ఏ నెల నుంచి ఏ నెల వరకో మూడు వరుసలు ఇస్తే చాలు. అదే ఫ్యాక్టరీ మూడుసార్లు పిలిచిందంటే పని నచ్చే పిలిచిందని చదివేవారికి అర్థమవుతుంది.

డబ్బు సంగతి వాట్సాప్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి: మొత్తం ఎంత, ముసాయిదా ఏ రోజు, ఎన్నిసార్లు దిద్దుతారు, ఏ ఫైళ్లు ఇస్తారు. రెండుసార్లు దిద్దడానికి ఒప్పుకోవాలి. పీడీఎఫ్‌తో పాటు డాక్స్ ఫైలు (వర్డ్‌లో మీరే మార్చుకోగలిగేది) తప్పనిసరి, లేకపోతే ఫోన్ నంబరు మారినా మళ్లీ డబ్బే. ‘జాబ్ గ్యారంటీ’ అని ఎక్కువ డబ్బు అడిగేవారిని నమ్మొద్దని పోయిన పాఠంలోనే చెప్పాం. మీ దృష్టి గ్రూప్స్, డీఎస్సీ లాంటి ప్రభుత్వ పరీక్షల మీదే ఉంటే వాటికి దరఖాస్తు ఫారమే, ఈ ఖర్చు అవసరం లేదు.

ముసాయిదా దిద్దడం

మూడుసార్లు చదవాలి, మూడుసార్లూ వేరు వేరు కళ్లతో.

మొదటిసారి కాగితాలు పక్కన పెట్టుకుని పేర్లు, తేదీలు, మార్కులు సరిచూడండి. పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే, రెజ్యూమేలో మాత్రం ఒకే రూపం. సీజీపీఏను శాతంలోకి మార్చేటప్పుడు మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రమే వాడాలి, అలవాటుగా పదితో గుణిస్తే కొన్నిచోట్ల తప్పు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి తిరుపతి ఊరివారి పాత సర్టిఫికెట్లలో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. వాటిని ఎవరూ ‘సరిచేయక్కర్లేదు’. ప్రస్తుత చిరునామాకు ఊరు, ఫోన్, ఈమెయిల్ చాలు, డోర్ నంబరుతో సహా అక్కరలేదు.

రెండోసారి బిగ్గరగా చదవండి. ఒక్కో వాక్యం చదివి, ఇంట్లో ఎవరికైనా దాన్ని తెలుగులో రెండు నిమిషాలు వివరించండి. ఆగిపోయిన చోట గీత గీయండి. ‘ల్యాబ్ బృందానికి నాయకత్వం వహించి’ అని ఉందనుకోండి. మీరు చేసింది కొత్తగా వచ్చిన ఇద్దరికి టైట్రేషన్ నేర్పడమైతే అదే రాయించండి. చూడటానికి చిన్న మాట. కానీ ఇంటర్వ్యూలో ‘ఎలా నేర్పారు?’ అని అడిగితే మీ దగ్గర జవాబుంటుంది, ‘మీ కింద ఎంతమంది?’ అని అడిగితే ఉండదు.

మూడోసారి ఫైలు పరీక్ష. పీడీఎఫ్ తెరిచి అంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్షరాలే రాకపోతే అది బొమ్మగా తయారైన ఫైలు, డీటీపీ సెంటర్లలో ఫొటో డిజైన్లుగా చేసినవి ఇలా ఉంటాయి. రెండు నిలువు వరుసల డిజైన్ అయితే ఎడమ వరుస మాటలు కుడి వరుసలో కలిసిపోయి రావచ్చు. ఫోన్ నంబరు పేజీ హెడర్‌లో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని అసలు చదవవు. పెద్ద కంపెనీల్లో రెజ్యూమేను మనిషికన్నా ముందు సాఫ్ట్‌వేర్ చదవడం మామూలైంది, దానికి నోట్‌ప్యాడ్‌లో మీరు చూసినట్టే కనిపించే అవకాశం ఎక్కువ. ఒకే వరుస, మామూలు ఫాంటు, నాలుగైదేళ్ల లోపు అనుభవానికి ఒక్క పేజీ. తండ్రి పేరు, మతం, ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అనే పేరా ప్రైవేటు కంపెనీకి అక్కరలేదు. ఆ స్థలంలో పనికొచ్చే రెండు వాక్యాలు పడతాయి.

దిద్దుబాట్లు వాయిస్ మెసేజులుగా పంపకండి. మూడు చదువులూ అయ్యాక, వరుస నంబర్లతో, ఒకేసారి పంపండి. ‘ఇది బాగాలేదు’ అంటే రైటర్‌కు ఏమీ తెలియదు. ‘4వ వాక్యం: క్యాలిబ్రేషన్ నేను చేయలేదు, చేసినవాళ్లకు సాయపడ్డాను’ అంటే అరనిమిషంలో సరవుతుంది.

అభ్యాసం: 4వ పాఠంలోపు మీ పని చిట్టా రాసి, అందులో అంకెలున్న వాక్యాలు లెక్కపెట్టండి. ఒక్కో ఉద్యోగానికి నాలుగు కూడా రాకపోతే, మీతో అదే షిఫ్టులో చేసినవారికి ఫోన్ చేసి గుర్తుచేసుకోండి. తర్వాతి పాఠంలో ఆ చిట్టా నుంచే కవరింగ్ లెటర్ రాయిస్తాం.