మురికి బండి మీద వాటర్‌లెస్ వాష్ పని చేస్తుందా? కొన్న బాటిల్‌ని ఇలా టెస్ట్ చేసుకోండి

వాటర్‌లెస్ వాష్ (పైపూ బకెట్టూ లేకుండా స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచే పద్ధతి) వీడియోలు చూసేటప్పుడు ఒకటి గమనించండి, అందులో బండి అసలు మురిగ్గానే ఉండదు. పల్చగా దుమ్ము పట్టిన బానెట్ మీద రెండు సార్లు స్ప్రే కొట్టి గుడ్డతో ఒక్క లాగు లాగి అదిగో మెరుపు అంటారు. ఆ మాత్రం దుమ్ము దేంతో తుడిచినా పోద్ది. మనకి తెలియాల్సింది వారం పది రోజులు రోడ్డు మీద తిరిగి, ఓసారి వానలో తడిసి ఎండిపోయి, డోర్ల కింద మట్టి చారలు కట్టిన బండి సంగతి. దాని మీద ఇది ఎక్కడిదాకా పని చేస్తుంది, ఎక్కడ ఆపేయాలి అన్నది.

పైగా మురికి పోయిందా లేదా అన్నది సగం టెస్టే. గీతలు పడకుండా పోయిందా అన్నది మిగతా సగం, దాన్ని దాదాపు ఎవరూ చూడరు.

నేనూ చూళ్ళేదు. మొదటిసారి ఒక బాటిల్ కొనుక్కొచ్చి నా నల్ల కారు మొత్తం ఒకే పూటలో తుడిచేశా, అద్దంలా మెరిసింది, ఫోటోలు తీసి కనపడ్డ వాళ్ళందరికీ చూపించా కూడా. రెండు మూడు వారాలకి నాలుగు వానలు పడి ఆ మెరుపు కాస్తా దిగిపోయాక చూస్తే డ్రైవర్ వైపు డోర్ కింద భాగమంతా సాలెగూడు లాగా సన్నటి గీతలు. అవి ఆ రోజు పడ్డవా అంతకుముందు నుంచే ఉన్నాయా అంటే నేనైతే చెప్పలేను, ముందు చూసుకుంటే కదా. పైన పటారం లోన లొటారం అంటే ఇదే మరి.

అసలు ఆ బాటిల్‌లో ఏముంటది

మాయమందు ఏం కాదు. సబ్బు లాంటి సర్ఫాక్టెంట్లు, జారుడు కోసం పాలిమర్లు, కొన్నిట్లో కార్నౌబా వ్యాక్స్ (ఒక తాటి జాతి చెట్టు ఆకుల మైనం), కొన్నిట్లో సిలికాన్ రకాలు, మిగతాదంతా ఎక్కువగా నీళ్ళే. వాటర్‌లెస్ అంటే పైపూ బకెట్టూ అక్కర్లేదని అంతే. రిన్స్‌లెస్ అని ఇంకోటి అమ్ముతారు, అది బకెట్ నీళ్ళలో కొంచెం కలిపి గుడ్డ ముంచి తుడిచేది, రెండూ ఒకటి కాదు, కొనేటప్పుడు లేబుల్ చూసుకోండి.

పని చేసే పద్ధతి ఏంటంటే, సర్ఫాక్టెంట్ మురికిలోకి దూరి దాన్ని పెయింట్ నుంచి వదులు చేస్తది, పాలిమర్లు ఆ రేణువు చుట్టూ జారుడు పొర లాగా పడతాయి, అప్పుడు మైక్రోఫైబర్ పోగులు దాన్ని పైకి లాగేసుకోవాలి. ఈ మూడిట్లో ఏదో ఒకటి సరిగ్గా జరక్కపోయినా ఆ రేణువు గుడ్డకీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కుని గరుకు కాగితం పని చేస్తది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ గట్టితనం మోస్ స్కేల్ మీద 7, మామూలు గాజుది 5.5 దగ్గర, అంటే గాజునే గీసేసే సరుకు, ఇక మీ క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) ఎంత. అది చాలా బండ్ల మీద 40, 50 మైక్రాన్లే ఉంటది, తల వెంట్రుక కంటే పల్చన.

టెస్ట్ మురికి బండితో మొదలవ్వదు

అవును, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మురికి బండి మీద పాత గీతలు కనపడవు, కాబట్టి తుడిచాక కనపడ్డ గీత కొత్తదో పాతదో చెప్పే దారే ఉండదు. అందుకని ముందు బండిలో ఒక డోర్ ఎంచుకోండి, పైనుంచి కింది దాకా మురికి తేడాగా పడేది డోర్ మీదే, పైన దుమ్ము, మధ్యలో రోడ్డు మురికి, కింద మట్టి, మూడు టెస్టులూ ఒక్క ప్యానెల్ మీదే అయిపోతాయి. ఆ డోర్‌ని బోలెడన్ని నీళ్ళు, కారు షాంపూ పెట్టి మామూలుగా శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి పైగా నీళ్ళు కలిపి ఆ డోర్ మొత్తం ఒకసారి మెల్లగా తుడవండి. ఇది ఎందుకంటే పాత వ్యాక్సూ పాలిషూ నూనె పొరలూ సన్న గీతల్ని నింపేసి దాచేస్తాయి, ఆల్కహాల్‌తో అవి చాలావరకు పోయి ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్ అయితే మాత్రం ఆల్కహాల్ జోలికి పోవద్దు. సిరామిక్ కోటింగ్ ఉంటే ముందు ఆ కోటింగ్ వాళ్ళ సూచనలు చూసుకోండి.

ఇప్పుడు డోర్‌ని నిలువుగా రెండు భాగాలు అనుకుని పైనా కిందా చిన్న మాస్కింగ్ టేప్ ముక్కలు అంటించండి, గుర్తు కోసం. నీడలోకి తీసుకెళ్ళి మంచి ఎల్ఈడీ టార్చ్ కొంచెం పక్కకి వంచి పట్టుకుని పైన, మధ్య, కింద ఫోటోలు తీయండి, రెండు సగాలకీ. టార్చ్ ఎంత దూరంలో పట్టుకున్నారో, ఫోన్ ఎక్కడ పెట్టారో రాసుకోండి, బద్ధకించొద్దు, తర్వాత అదే కోణంలో తీయకపోతే ఈ ఫోటోలకి విలువే లేదు.

ఇంతే, ఇక బండిని వాడుకోండి. వారమో పది రోజులో మామూలుగా తిరగండి, మురికి దానంతట అదే పడనివ్వండి. కావాలని మట్టి తెచ్చి పూసి టెస్ట్ చేసేవాళ్ళని చూశా కానీ రోడ్డు మురికిలో పొగ మసి, టైర్ల పొడి, నూనె జిడ్డు అన్నీ కలిసి ఎండలో కాలి అతుక్కుంటాయి, చేత్తో పూసిన మట్టికి ఆ పట్టు రాదు. ఆల్కహాల్ పెట్టడం వల్ల డోర్ మీద వ్యాక్స్ లేకుండా పోయింది కదా, మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటది, అది మన టెస్ట్‌కి మంచిదే, ఒట్టి పెయింట్ మీద నెగ్గిన సరుకు వ్యాక్స్ ఉన్న పెయింట్ మీద ఇంకా సులువుగా నెగ్గుతుంది.

తుడిచే రోజు

బండి నీడలో ఉండాలి, చెయ్యి పెడితే డోర్ చల్లగా తగలాలి, వేడి మీద స్ప్రే కొడితే అది మురికిలోకి దూరేలోపే ఆరిపోద్ది. గాలి బాగా వీచేటప్పుడు కూడా వద్దు. బాటిల్‌ని బాగా ఊపండి, చిక్కటి రకమైతే లేబుల్ మీద చెప్పినంతే కలపండి, ఎక్కువ చిక్కగా ఉంటే ఎక్కువ శుభ్రం అవుద్ది అనుకోకండి, మరకలు మిగులుతాయి.

గుడ్డల దగ్గర పిసినారితనం పనికిరాదు. కనీసం ఆరేడు మైక్రోఫైబర్ గుడ్డలు, పోగు కాస్త పొడుగ్గా ఉన్నవి, 350 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) పైన ఉంటే మంచిది, అంచు కుట్టు గరుగ్గా ఉండకూడదు. లేబుల్ ముక్క ఉంటే కత్తిరించేయండి. గుడ్డ మీద అనుమానం ఉంటే ఒక పనికిరాని సీడీ తీసుకుని దాని మెరిసే వైపు శుభ్రం చేసి, ఆ గుడ్డ తడిపి నొక్కి తుడిచి చూడండి, సీడీ మీద గీతలు పడితే ఆ గుడ్డ కిచెన్‌కి పంపించేయండి, పెయింట్ మీద పెట్టొద్దు. ఈ పని ముందే చేయకపోతే తర్వాత గీతలకి కారణం స్ప్రేనా గుడ్డనా అని కొట్టుకు చావాలి.

గుడ్డని రెండు సార్లు మడిస్తే నాలుగు పొరలు అవుద్ది, అలా తిప్పుకుంటూ పోతే తుడవడానికి మొత్తం ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం, ఒక లాగు, మళ్ళీ కొత్త ముఖం. మురికి పట్టిన ముఖంతో రెండోసారి తుడిచారా, అక్కడికి టెస్ట్ ఫెయిల్, అది సరుకు తప్పు కాదు మీ తప్పు.

ఒక సగం డోర్ మాత్రమే వాటర్‌లెస్‌తో చేయాలి. స్ప్రే కొట్టండి, కొంచెం కాదు, కిందకి కారేంత తడిగా. 30 సెకన్ల నుంచి ఒక నిమిషం ఆగండి, మురికి వదులై చారలు చారలుగా జారడం కళ్ళతో కనపడుతుంది, కనపడకపోతే ఇంకోసారి కొట్టండి కానీ ఆరనివ్వొద్దు. గుడ్డ మీద కూడా ఒకసారి స్ప్రే కొట్టుకుని పైనుంచి మొదలుపెట్టి ఒకే దిక్కులో మెల్లగా లాగండి, గుడ్డ బరువు తప్ప మీ చేతి బరువు పడకూడదు. గుండ్రంగా తిప్పడం పూర్తిగా మానేయండి. చివర్లో ఆరిన వేరే గుడ్డతో తేలిగ్గా ఒక తుడుపు.

లాగేటప్పుడు చెవి పెట్టి వినండి, వేళ్ళకి ఎలా తగులుతుందో చూడండి, నాకు ఫోటోల కంటే ముందు సంగతి చెప్పేది అదే. గుడ్డ వెన్న మీద జారినట్టు పోతుంటే ఫర్వాలేదు. ఎక్కడైనా పట్టినట్టు అనిపించినా, కిర్రుమని సన్న చప్పుడు వచ్చినా అక్కడే గుడ్డ ఎత్తేయండి. ఆ ఎత్తు దగ్గర ఇంకో టేప్ ముక్క అంటించండి, మీ బండికి, మీ మురికికి, ఆ సరుకు హద్దు అదే. నాకు ఇప్పటిదాకా ఆ హద్దు దాదాపు ప్రతిసారీ డోర్ హ్యాండిల్‌కి బాగా కింద, చక్రం చిమ్మిన మట్టి మొదలయ్యే చోట వచ్చింది.

రెండో సగాన్ని ముందులాగే నీళ్ళు, షాంపూ పెట్టి కడగండి. ఇది లేకపోతే పోల్చడానికి ఏం ఉండదు, ఎందుకంటే మామూలు కడుగుడులో కూడా కొద్దో గొప్పో గీతలు పడతాయి, వాటర్‌లెస్‌ని ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు.

తీర్పు చెప్పే ముందు

ఇప్పుడు డోర్ చూస్తే వాటర్‌లెస్ వైపే ఎక్కువ మెరుస్తుంది, ఖాయంగా చెప్తున్నా. నమ్మొద్దు. అందులోని వ్యాక్సూ పాలిమర్లూ గీతల్ని నింపి కూర్చుంటాయి. ముందు ఒక తెల్ల గుడ్డ కొంచెం తడిపి రెండు వైపులా చెరొకసారి తుడవండి, ఏ వైపు నుంచి ఎంత నలుపు వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడండి, శుభ్రం సంగతి అక్కడ తేలిపోద్ది. ఆ తర్వాత మళ్ళీ అదే ఆల్కహాల్ నీళ్ళతో రెండు సగాలూ తుడిచి, అదే టార్చ్, అదే దూరం, అదే కోణం, మళ్ళీ ఫోటోలు. పాత ఫోటోల పక్కన పెట్టి జూమ్ చేయండి. రెండు వైపులా ఒకేలా ఉంటే మీ బాటిల్ పాస్. పైన బాగుండి కింద గీతలు పెరిగితే హద్దు టేప్ అంటించిన చోటుకి పైభాగంలోనే వాడుకోండి, కింద నీళ్ళే. అంతటా పెరిగితే మాత్రం ఆ బాటిల్ పెయింట్ మీద వాడకండి, డోర్ తెరిస్తే లోపల కనపడే అంచులు తుడుచుకోవడానికి పనికొస్తుంది.

తెల్ల బండి, వెండి రంగు బండి ఉన్నవాళ్ళకి ఒక మాట, మీకు గీతలు కనపడవు అంతే, పడకుండా ఉండవు. ఇంట్లో ఏదైనా నల్ల బండి ఉంటే దాని మీద చేసిన టెస్టే నిజం చెప్తుంది. మ్యాట్ పెయింట్ అయితే వ్యాక్స్ ఉన్న రకం అసలు ముట్టుకోవద్దు, అక్కడక్కడ మెరుపు మచ్చలు వస్తాయి.

ఇక రకరకాల మురికి గురించి నా అనుభవం చెప్తా. పిట్ట రెట్టలకి స్ప్రే కొట్టి తుడిస్తే చాలు అనుకోకండి, అందులో గింజలూ ఇసుకా ఉంటాయి, బాగా తడిపిన గుడ్డ దాని మీద రెండు మూడు నిమిషాలు కప్పి ఉంచి, తర్వాత తుడవకుండా పైకి ఎత్తేయండి. ముందు బంపర్ మీద ఎండిన పురుగులకీ అదే పద్ధతి, ఒక్కసారికి పోవు. తారు మచ్చలకి ఇది పనికే రాదు, దానికి వేరే ద్రావకం కావాలి. చక్రాల మీది బ్రేక్ పొడిలో లోహపు రేణువులు ఉంటాయి, అక్కడ వాడిన గుడ్డని మళ్ళీ జన్మలో పెయింట్ దగ్గరికి తేవొద్దు. బురద గడ్డ కట్టి ఉంటే టెస్ట్ కూడా చేయక్కర్లేదు, నేనైతే నీళ్ళు కొట్టి ముందు గడ్డలు రాలగొడతా.

బైక్ మీద చేసేవాళ్ళు ట్యాంక్ వరకు ఇదే పద్ధతి పెట్టుకోండి కానీ స్ప్రే బ్రేక్ డిస్క్ మీదా టైర్ మీదా సీటు మీదా పడకూడదు, ఆ జారుడే ప్రాణం మీదకి తెస్తుంది, వాటి పక్కన ఉన్న పెయింట్ భాగాలకి స్ప్రే గుడ్డ మీద కొట్టుకుని తుడవడమే. కారు ముందు అద్దం మీద కూడా చాలా రకాలు పొర మిగులుస్తాయి, రాత్రి ఎదురుగా లైట్లు పడితే మసకగా కనపడుతుంది, వైపర్లు కూడా గరగరమంటాయి, అద్దాలకి అద్దాల క్లీనరే వాడండి.

వాడిన గుడ్డల్ని ఆ రోజే ఉతకండి, మిగతా బట్టల్లో కలపకుండా, ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకుండా, ఎక్కువ వేడి తగలకుండా ఆరబెట్టి. ఆరాక ఒక్కో గుడ్డనీ వెలుతురు కేసి పట్టుకుని వేళ్ళతో తడిమి చూడండి, ఏ మూలైనా చిన్న ఇసుక పలుకు తగిలితే ఆ గుడ్డని చక్రాల డబ్బాలో పడేయండి. ఇంకో సంగతి, ఆల్కహాల్ పెట్టిన డోర్‌కి ఇప్పుడు వ్యాక్స్ లేదు, టెస్ట్ అయ్యాక మర్చిపోకుండా ఒక పూత పెట్టేయండి.