ఇంట్లో పెద్దవాళ్లకు క్యాన్సర్ అని ఎలా చెప్పాలి

"అమ్మకు చెప్పొద్దు డాక్టరుగారూ, తట్టుకోలేదు." గడ్డ అనో పుండు అనో చెప్పి నెట్టుకొద్దామనుకుంటారు. అది నిలవదు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో చూపించే చోటే నాట్కో క్యాన్సర్ సెంటర్. ఆ బోర్డు చదవలేకపోయినా, పక్క మంచం ఆవిడ "మీకిది ఎన్నో కీమో?" అని అడగనే అడుగుతుంది. ఇంట్లోవాళ్లు దాచారని తెలిశాక ఆమే దాచడం మొదలుపెడుతుంది: నొప్పి, వాంతులు, భయం, అన్నీ.

చెప్పేది ఒక్కరే చెప్పాలి, ఆమెకు బాగా చనువున్నవాళ్లు. వైద్యం ఏమిటో డాక్టరును ముందే అడిగి తెలుసుకోండి. రాత్రిపూట వద్దు, ఆమెకు నిద్ర పట్టదు. పొద్దున టిఫిన్ అయ్యాక, టీవీ కట్టేసి, పక్కన కూర్చోండి.

ముందు అడగండి: "డాక్టరుగారు ఏమన్నారని నీకు అనిపిస్తోందమ్మా?" చాలామందికి సగం తెలిసే ఉంటుంది. తర్వాత, "అంతా చెప్పమంటావా, మమ్మల్ని చూసుకోమంటావా?" "మీరే చూసుకోండిరా" అంటే అదీ జవాబే. బలవంతంగా చెప్పకండి, కొన్నాళ్లాగి మళ్లీ అడగండి. చెప్పమంటే రెండు ముక్కల్లో: "ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చిందమ్మా. సోమవారం నుంచి వైద్యం మొదలుపెడదామంటున్నారు." ఇక ఆగండి. అందరూ తప్పేది ఇక్కడే. ఆ నిశ్శబ్దం భరించలేక "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అనేస్తారు, ఆమె అడగబోయింది గొంతులోనే ఉండిపోతుంది. తగ్గుతుందా అంటే డాక్టరు చెప్పినంతే చెప్పండి.

కీమో మొదలయ్యాక చిరాకంతా దిగులు అనుకోకండి. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టదు, కోపం వస్తుంది, ఆపాక నీరసం. క్యాలెండర్ మీద రాస్తే ప్రతి విడతకూ ఒకేలా కనిపిస్తుంది. మాత్ర మీరే ఆపకండి, పొద్దున వేసుకోవచ్చా అని అడగండి. కొన్ని మందులకు మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. ముందే చెప్పి, ఆమె సరేనంటే పొట్టిగా కత్తిరించండి. "తిరుపతిలో ఇచ్చాననుకుంటాలే" అన్న మాట ఆమె నోట రావాలి, మీ నోట కాదు.

చూడవచ్చే చుట్టాలను ఒకరు అదుపు చేయాలి. "మా ఊళ్లో ఒకాయనకు ఇట్లాగే..." అని మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. సాధారణంగా కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి, ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా సోకుతుంది. రావొద్దనడానికి అది నిజమైన కారణమే. జ్వరం 100.4 డిగ్రీలకు (ఫారెన్‌హీట్) చేరితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

డబ్బు సంగతి ఆమె అడగకముందే తేల్చుకోండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తుందా అన్నది ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బంది చెబుతారు.

రెండు వారాలైనా దేనిమీదా మనసు లేకపోయినా, "మీకు భారమయ్యాను" అంటున్నా డాక్టరుకు చెప్పాలి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. రాత్రుళ్లు మేలుకునే కోడలో కూతురో కూడా ఆ నంబరుకు ఫోన్ చేయొచ్చు. వాళ్లకు వారంలో ఒక రోజైనా ఇంకొకరు బదులుండాలి.